పెంటమ్మ అని పెట్టాం

ఇప్పుడు పిల్లల చదువంతా ఆటలోనే. కళ్ళజోడు పెట్టుకుని ఆటలోని రాజ్యంలోకి వెళ్తారు. అక్కడ దెబ్బ తగిలితే ఇక్కడ ఒళ్ళు కాలుతుంది. మా చంద్రిక ఆటలోని తన బొమ్మకి రత్నమహారాణి అని పేరు పెట్టుకుంది. వారం తిరక్కుండా రాణి చచ్చిపోయింది, పిల్లకి జ్వరం. మరో రాణిని పెట్టుకుంది, మళ్ళీ జ్వరం. పిల్ల నాకు దక్కదేమోనని భయం పట్టుకుంది.

అప్పుడు మా నాయనమ్మ గుర్తొచ్చింది. ఆమెకు ముందు పుట్టినవాళ్ళెవరూ దక్కలేదని, ఆమెను పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి పెంటమ్మ అన్నారట. మునిమనవల్ని ఎత్తుకునేదాకా బతికింది.

"పేరు మనిష్టమేగా? పెంటమ్మ అని పెట్టు తల్లీ."

"ఛీ, పోమ్మా! క్లాసంతా నవ్వుతారు."

"నవ్వితే నవ్వనీ. నువ్వు బాగుంటే చాలు."

మూతి ముడుచుకునే ఆ పేరు పెట్టుకుని ఆటలోకి వెళ్ళింది. జ్వరం మందు చేత్తో పట్టుకుని పక్కనే కూర్చున్నాను. సాయంత్రం కళ్ళజోడు తీసి పకపకా నవ్వింది.

"కత్తెత్తినవాడు నా పేరు చూసి, నవ్వలేక కూలబడ్డాడమ్మా! ఇప్పుడందరూ 'పెంటమ్మత్తా, మా జట్టులోకి రా' అంటున్నారు."

నుదురు తాకి చూశాను. జ్వరం లేదు. పేరు మనల్నే పెట్టుకోనిచ్చిన ఆ ఆటవాళ్ళెవరో గానీ, వాళ్ళ పిల్లాపాపలు చల్లగా ఉండాలి. దీపం పెట్టి, నాయనమ్మకీ ఒక దణ్ణం పెట్టుకున్నాను.