కింది వాటా

మరిది వాళ్ళ సామాన్లు వ్యానెక్కుతున్నా పెద్దకోడలి నోరు మూతపడలేదు. మెట్ల మీద నిలబడి, తన వంటింటి కుళాయిలో నీళ్ళు దారంలా రావడానికి కింది వాటాలో ఉన్న తోడికోడలే కారణమని వీధంతా వినేలా చెబుతోంది. పొద్దస్తమానం వాషింగ్ మెషీన్ తిప్పేవాళ్ళు కింద ఉంటే పైవాళ్ళకి నీళ్ళెక్కడివని ఆవిడ వాదన.

చిన్నకోడలూ తక్కువ తినలేదు. తమ కుళాయిలోనూ సన్నగానే వస్తున్నాయని, కావాలంటే దిగొచ్చి చూసుకోమని ఎదురు చెప్పింది. దిగితే తను తగ్గినట్టవుతుందని పెద్దకోడలు దిగలేదు.

"అబద్ధమైనా కాస్త అతికేలా చెప్పాలి," అంది.

ఆ మాటతో చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని వ్యాన్లో కూర్చుంది. మరిది అన్న చేతిలో తాళంచెవి పెట్టి, వెళ్ళొస్తామని తలొంచుకుని వెళ్ళిపోయాడు.

వ్యాను మలుపు తిరగ్గానే పెద్దకోడలు వంటింట్లోకి పరుగెత్తి, ఇప్పుడు చూడండంటూ కుళాయి తిప్పింది. మళ్ళీ అదే దారం. కింద చుక్క వాడే మనిషి లేడు, అయినా అదే దారం. భర్త మొహం చూడలేక అలాగే నిలబడింది.

ఆయన పానా తెచ్చి కుళాయి మూతి విప్పాడు. లోపలి జాలీ నిండా ఇసుక, నాచు. కడిగి బిగించగానే నీళ్ళు ఉరికి ఆవిడ మొహం మీద చిందాయి. ఇంత రచ్చకీ కారణం చిటికెడు ఇసుక.

"చేతులారా పంపించేశానండీ."

"రేపు చూస్తా, రేపు చూస్తా అనకుండా నేనైనా ఈ పానా ముందే తీయాల్సింది," అన్నాడాయన.

ఎలాగూ చేతిలో ఉంది కదా అని డాబా ఎక్కి ట్యాంకు దగ్గరా చూశాడు. వెనకే ఆవిడా ఎక్కింది. రెండు వాటాలకీ రెండు పైపులు, రెండు వాల్వులు. తమది బార్లా తెరిచి ఉంది. కింది వాటాది దాదాపు పూర్తిగా మూసి ఉంది. అంటే ఆ పిల్ల చెప్పింది నిజమే.

"ఇది నీ పనేనా?" ఆయన గొంతు మారిపోయింది.

ఆవిడకి ఏడుపొచ్చింది. కోపంలో ఎన్ని మాటలన్నా, ఒకరికి నీళ్ళు కట్టేసేంత పాపిష్టిదాన్ని కానని ఒట్టేసింది. ఆయన నమ్మినట్టు లేడు. అక్కడికక్కడే మరిదికి ఫోన్ చేసింది. తప్పంతా తనదేనని, వ్యాను వెనక్కి తిప్పమని బతిమాలింది. మీ వాల్వు ఎవరు కట్టేశారో తెలుసా అని అడిగింది.

వ్యాను చప్పుడు మధ్య మరిది బాగా గొంతు తగ్గించి అన్నాడు.

"నేనే వదినా, మా వాటా నీళ్ళు కూడా మీకే వస్తాయని... మెల్లగా మాట్లాడండి, మా ఆవిడకి తెలీదు."