కదలని చోటు

"ఖాళీ చెయ్యను మేడం. మా అమ్మ మంచం దిగి ఏడాది దాటింది. ఆవిణ్ణి ఎక్కడికి మోసుకెళ్ళమంటారు?" గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు హుమాయున్.

తిరువూరులో ఆ వీధి వీధంతా సామాన్లు సర్దుకుంటోంది. కదలనిది అతని ఇల్లొక్కటే.

నేల కదలికల్ని కొలవడానికి వచ్చిన బృందానికి సుప్రజ అధికారి. ట్యాబ్ తెరిచి చూపించింది. "వేసవిలో ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి మా విమానం మీ ఊరి మీద తిరిగింది. రెండుసార్లూ రాడార్‌తో బొమ్మలు తీశాం. పోల్చి చూస్తే ఈ వైపు నేలంతా పైకి లేస్తోందండి."

"లేస్తే మంచిదేగా అమ్మా! వానొస్తే నీళ్ళు లోపలికి రావు," అంది అతని భార్య అబీదా లోపల్నుంచి.

"అంతా సమంగా లేవదమ్మా. నల్లరేగడి ఉబ్బితే గోడలు చీలిపోతాయి. కప్పు మీద పడుతుంది."

హుమాయున్ గోడ తడిమాడు. "సన్నటి బీట కూడా లేదే!"

"వచ్చాక చేసేదేముందండీ?" మంచం మీది ముసలామెను చూస్తూ అంది సుప్రజ.

ఆ మాటకి హుమాయున్ తగ్గాడు. "ఎక్కడికి పొమ్మంటారు?"

"బస్టాండు దగ్గర ఫంక్షన్ హాలుకి. అది రాతినేల మీద కట్టింది. దానికి కదలిక లేదనుకునే ఈ వైపు నేలని దాంతో పోల్చి కొలిచాం."

మంచాన్ని ఆటో దాకా మోస్తుంటే ముసలామె సాహెరా బీ ద్వారబంధం పట్టుకుని వదల్లేదు. "నన్నిక్కడే పోనీరా నాయనా," అంది. ఏడుస్తూనే తల్లి వేళ్ళు విడదీశాడు హుమాయున్.

మధ్యాహ్నానికి వీధి మొత్తం హాలుకి చేరింది. పిల్లలు గోల చేస్తున్నారు. అబీదా అత్తగారికి గంజి తాగిస్తోంది. సుప్రజ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది.

ఫోన్ మోగింది. వీధిలోనే ఉండిపోయిన ఆమె సహాయకుడు ప్రేమ్ కిరణ్.

"మేడం, ఇక్కడ వేసవిలో పాతిన జీపీఎస్ పరికరం కొలతలు ఇప్పుడే వచ్చాయి. ఈ నేల అస్సలు కదల్లేదు."

"నిజమా? అయితే వీళ్ళిళ్ళకేం కాదుగా!" సుప్రజ మొహం వెలిగిపోయింది. హుమాయున్‌ని రమ్మని చెయ్యూపింది. "మన బొమ్మే తప్పన్నమాట!"

"బొమ్మ తప్పు కాదు మేడం," ప్రేమ్ కిరణ్ మాట తడబడింది. "వీధి లేవడం లేదు... మీరున్న హాలే కుంగుతోంది."