నలభై ఒకటో మందు

రాత్రి పదకొండింటికి ల్యాబ్‌లో ఆమె ఒక్కతే ఉంది. తను కొత్తగా తయారుచేసిన నలభై ఒకటో మందు చుక్క పడినచోట, ఇన్నాళ్లూ దేనికీ లొంగని బ్యాక్టీరియా తుడిచిపెట్టుకుపోయింది. ఆసుపత్రిలో అక్క కాలి పుండును మాననివ్వనిది ఆ బ్యాక్టీరియానే. ఇక మనిషి కణాలకు హాని లేదని తేలితే చాలు. తెల్లవారితే అదీ తెలుస్తుంది. ఆమెకు ఏ మూలా అనుమానం లేదు.

ఆసుపత్రి నుంచి బావ ఫోన్ చేశాడు.

"నీ మందు భలే పనిచేసిందమ్మా. అక్కకి జ్వరం దిగింది."

"ఏ మందు బావా?"

"అదేంటి, సాయంత్రం నువ్వే వచ్చి ఇంజెక్షన్ చేశావుగా."

పొద్దున్నుంచి ఆమె ల్యాబ్ గుమ్మం దాటలేదు. ఫ్రిజ్ తెరిచి చూసింది. అక్క కోసం తీసిపెట్టిన ఒకే ఒక్క సీసా, సీలు చెక్కుచెదరకుండా అక్కడే ఉంది.

"నేను రాలేదు బావా. ఎవరినీ అక్క దగ్గరికి రానివ్వకు. అది మనుషులకి ఇవ్వచ్చో లేదో ఇంకా తెలీదు."

అటువైపు లిఫ్ట్ ఆగిన చప్పుడైంది. చెప్పుల సవ్వడి నింపాదిగా దగ్గరికొచ్చింది. తర్వాత ఫోన్‌లో ఆమెకు తన గొంతే వినిపించింది, ఎంతో ధీమాగా.

"రెండో డోసు తెచ్చాను బావా. అక్కని లేపు."