నడుము కొలత: తెలీదు

నడుము కొలత అడిగిన గడిలో పెద్దాయన "తెలీదు" అని కొట్టాడు.

యాప్ ఆగిపోయింది.

"అక్కడ అంకె వేయాలి బాబాయ్‌గారూ," అంది దాన్ని తయారుచేసిన దర్జీ.

"నాకు నిజంగానే తెలీదమ్మా."

క్లాసంతా నవ్వింది.

వెబ్ పేజీలు, మొబైల్ యాప్‌లు చేయడం నేర్పే ఆరు వారాల క్లాసు అది. అందులో ఆయన పేరు నొక్కుడు తాతయ్య. చివరి బెంచీలో కూర్చుని, ఎవరి ఫోను కనబడినా "ఒక్కసారి నొక్కనా?" అనేవాడు. మొదటి వారం తర్వాత దర్జీ తప్ప ఎవరూ ఇవ్వలేదు.

ఆమె పన్నెండేళ్ళుగా బట్టలు కుడుతోంది. కొలతలు, ఆర్డర్లు రాసుకునే యాప్ చేస్తోంది. తను రాసిన నాలుగు వరుసల కోడ్‌కి ఫోను మీద మొదటి బటన్ వచ్చిన రోజు, ఇంట్లో అందరిచేతా దాన్ని నొక్కించింది.

చివరి రోజు ఒక కంపెనీవాళ్ళు వచ్చి యాప్‌లు పరీక్షిస్తారు. బాగా నిలబడిన యాప్ చేసినవాళ్ళకి ఉద్యోగం, అదీ ఒక్కటే.

తాతయ్య 'పంపు' బటన్ రెండుసార్లు నొక్కాడు. ఒక చొక్కాకి రెండు ఆర్డర్లు పడ్డాయి.

"అంత తొందరేంటండీ?"

"పని అయిందో లేదో అది చెప్పలేదుగా. మళ్ళీ నొక్కా."

ఏం నొక్కితే ఏం పోయిందో పెన్సిల్‌తో చీటీ రాసి ఇచ్చేవాడు. ఆమె గొణుక్కుంటూనే ఇంటికెళ్ళి సరిచేసేది. పొద్దున్నే ఫోను పట్టుకుని చివరి బెంచీకి పరిగెత్తేది.

"ఇప్పుడు పాడుచేయండి చూద్దాం."

ఆయన పాడుచేసేవాడు.

పరీక్షకి ముందురోజు ఆయన "ఇంకొక్కటి చూస్తా" అన్నాడు.

ఆమె ఫోను లాక్కుంది.

"చాల్లెండి. మీ చెయ్యి పడితే రేపటికి ఇది మిగలదు."

"సరేనమ్మా," అని పెన్సిల్ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు కంపెనీ నుంచి ఒకావిడ నలిగిన కాగితంతో వచ్చింది. అందులో చూసి ఒక్కొక్కటే నొక్కుతోంది. మొదటి యాప్ రెండో నొక్కుకే ఆగింది. తర్వాతవీ ఎక్కువసేపు నిలవలేదు.

చివరికి దర్జీ వంతు వచ్చింది. ఆవిడ నడుము గడిలో "తెలీదు" అని కొట్టింది.

'అంకె వేయండి. తెలియకపోతే మేమే కొలుస్తాం' అని వచ్చింది.

ఆవిడ నవ్వింది. 'పంపు' రెండుసార్లు నొక్కింది. ఒకే ఆర్డరు.

పదకొండు పరీక్షలకి యాప్ నిలబడింది. పన్నెండోసారి ఆవిడ ఫోనుని అడ్డంగా తిప్పింది. కొలతలన్నీ చెరిగిపోయాయి.

"ఇదొక్కటే పోయింది. మిగతావాళ్ళెవరూ నాలుగు దాటలేదు. సోమవారం వచ్చేయండి."

దర్జీ ఫోను పట్టుకుని చివరి బెంచీకి పరిగెత్తింది. బెంచీ ఖాళీ.

"ఆయన నిన్నటితో ఆఖరు," మాస్టారు చెప్పాడు. "ఊరు మారిపోయాడు."

"ఇవన్నీ మీకెవరు చెప్పారు?" కంపెనీ ఆవిడ అడిగింది.

"ఎవరూ చెప్పలేదండీ. నొక్కడం రాని పెద్దాయన ఒకరుండేవారు."

ఆవిడ కాగితం చేతికిచ్చింది. "ఇది చూసుకోండి. మా ఆఫీసులో తప్పులు పట్టడం అందరికీ నేర్పినాయన రాసింది. ఆయన రిటైరయినా మాకు ఇదే పాఠం."

కాగితం మీద పన్నెండు వరుసలూ పెన్సిల్ రాతే. ఆ రాతే దర్జీ సంచిలో పదకొండు చీటీల మీద ఉంది.