బఫరింగ్‌కి ఒక్క మాట జవాబు

ఆగండాగండి, పేజీ తిప్పేయకండి! రెండే రెండు నిమిషాలు వినండి. చివర్లో మిమ్మల్నే ఒక మాట అడగాలి.

"ఈ లైను నేను చెప్పనక్కా" అంది వాయిస్ ఆర్టిస్ట్ అమ్మాయి, కాగితాన్ని స్టాండ్ మీద బోర్లించేసి.

అద్దానికి అటువైపు గదిలో డైరెక్టరమ్మ బటన్ నొక్కి అడిగింది. "ఎందుకు చెప్పవు?"

"బఫరింగ్‌ని కాదని పోయి పోయి ఆ డాక్టర్ని చేసుకుంటుందా నా పిల్ల? దానికేమైనా పిచ్చా?"

బఫరింగ్ అంటే వాళ్ల ఆడియో సీరియల్లో ఒక పాత్ర. ఏదడిగినా జవాబివ్వడానికి అరనిమిషం పడుతుందని శ్రోతలు పెట్టిన పేరు. పార్టీకి వెళ్తూ ఏమేం మాట్లాడాలో బస్ టికెట్ వెనక రాసుకుని, ఆ టికెట్ కాస్తా పారేసుకుని, వచ్చినవాళ్లందరికీ మంచినీళ్లు పోస్తూ గడిపేసే రకం. 'నా పిల్ల' అంటే హీరోయిన్. ఆమెకి గొంతు ఈ అమ్మాయిది. రేపు వచ్చేది చివరి ఎపిసోడ్.

"వాణ్ని ఎవరు ఇష్టపడతారే? వాడి సీను రాగానే జనం ముందుకి జరిపేసుకుంటున్నారు. కామెంట్లు చదివావా?"

"జనం సరిగ్గా వినట్లేదు. ఆసుపత్రి సీను గుర్తుందా? అందరూ ధైర్యంగా ఉండమని చెప్పేసి వెళ్లిపోయారు. వీడొక్కడే వార్డంతా తిరిగి ఊగని కుర్చీ ఒకటి వెతుక్కొచ్చాడు. 'కూర్చోండి' అనే ముందు ఎంతసేపు ఆగుతాడో చూడండి, గుటక మింగి... నాకు నిజంగానే ఏడుపొచ్చిందక్కా."

డైరెక్టరమ్మ నొసలు ముడిచింది. "అక్కడ ఆగాడా? ఎపిసోడ్లో గడగడా అనేశాడే! నువ్వసలు మన ఎపిసోడ్లు వింటావా?"

"నా గొంతు నేనే వినలేనక్కా, సిగ్గు. హెడ్‌ఫోన్లో వినిపించేది చాలు నాకు."

"సరే, కథలో ముద్దుగానే ఉంటాడు. ఇంట్లో ఉంటే తెలుస్తుంది. టీ తాగుతావా అని పొద్దున అడిగితే సాయంత్రానికి చెబుతాడు."

"ఆ డాక్టరైతే మనం అడక్కముందే చెప్పేస్తాడు. నేనన్న మాట మొత్తం విని, దాన్ని లోపల కాసేపు పెట్టుకుని, అప్పుడు జవాబిచ్చేవాడు ఒక్కడున్నాడా మీకు తెలిసి?"

"ఉంటే చేసుకుంటావా?"

"కళ్లు మూసుకుని చేసుకుంటా!"

డైరెక్టరమ్మ పక్కన సౌండ్ ఇంజనీర్ తల వంచుకుని ఏదో మీట సర్దుతున్నాడు. అతనెప్పుడూ అంతే. నాలుగు నెలలుగా రోజూ మధ్యాహ్నం వచ్చి ఈ అమ్మాయి మైకు ఎత్తు సరిచేస్తాడు, బొటనవేలు చూపిస్తాడు, వెళ్లిపోతాడు. ఈమె అతనికి పెట్టిన పేరు మ్యూట్.

"కావాలంటే మీ మ్యూట్ గారిని అడగండి. నోరుంటే ఆయనా నా వైపే."

"ఏయ్, వింటున్నాడే!"

"వింటే ఏం? హలో అంటేనే జవాబుండదు. ఉత్త పొగరు."

డైరెక్టరమ్మ గొంతు మారింది. "చూడమ్మా, స్క్రిప్ట్ మారదు. ఆరింటికల్లా ఎపిసోడ్ పంపాలి. నువ్వు చెప్పనంటే బయట ఇంకో అమ్మాయి కూర్చుని ఉంది. రెండో సీజన్ కూడా ఆమెతోనే చేయిస్తాను."

రెండో సీజన్ అంటే ఏడాది పని. అమ్మాయి వెళ్లి స్టూలు మీద కూర్చుంది. ఇదివరకు కదిలితే ఊగి కిర్రుమనేది ఆ స్టూలు. నెలకిందట ఎవరో దాని కాలి కింద అట్టముక్క మడిచి పెట్టారు, అప్పట్నించీ ఊగట్లేదు. బోర్లించిన కాగితాన్ని నెమ్మదిగా తిప్పింది.

"గైడ్ ఏదక్కా మరి?"

గైడ్ అంటే ఏం లేదండీ, ఎదుటి పాత్ర మాటలు. ముందే రికార్డు చేసి హెడ్‌ఫోన్లో వినిపిస్తే, ఈమె వాటికి జవాబుగా తన మాటలు చెబుతుంది. బఫరింగ్‌కి గొంతిచ్చే నటుడు పొద్దున వచ్చి వెళ్లిపోతాడట. అతన్ని ఈమె ఒక్కసారీ చూడలేదు. ఆ గొంతు మాత్రం బస్సెక్కినా, ఇంటికెళ్లి అన్నం తింటున్నా చెవిలోనే ఉంటుంది.

"సీను ఇవాళే రాశాం, గైడ్ చేసే తీరికెక్కడిది? ఇక్కణ్నించే చదివిస్తాను. వాడు అడుగుతాడు, నువ్వు 'లేదు' అంటావు. ఒక్క మాట. అయిపోయింది!"

ఎర్ర లైటు వెలిగింది. ఎప్పట్లాగే ఆమె కళ్లు మూసుకుంది.

హెడ్‌ఫోన్లో ముందు నిశ్శబ్దం. తర్వాత గుటక మింగిన చప్పుడు. ఆ గొంతే!

"నేనంటే..."

ఆగిపోయింది. అయిదు సెకన్లు. పది. ఆ నటుడు ఈ పూట వచ్చాడా? ఎప్పుడొచ్చాడు? ఇక చూడకుండా ఉండలేక కళ్లు తెరిచేసింది.

అద్దానికి అటువైపు ఉన్నది ఇద్దరే. డైరెక్టరమ్మ గడియారం చూసుకుంటోంది. ఆమె పక్కన మ్యూట్, చెవుల దాకా ఎర్రబడిపోయి, మొదటిసారి తలెత్తి సూటిగా ఈమెనే చూస్తున్నాడు. స్క్రిప్టు కాగితం ఎక్కడో పక్కన పడి ఉంది.

"...మీకు ఇష్టమేనా?" అని కదిలాయి అతని పెదాలు.

ఇన్నాళ్లూ హెడ్‌ఫోన్లో ఆ గైడ్లు చదివింది నటుడు కాదు, ఇతనే! ఎర్ర లైటు వెలుగుతూనే ఉంది. కాగితం మీద 'లేదు' అని ఉంది. బయట ఇంకో అమ్మాయి ఎదురుచూస్తోంది. మీరైతే ఏమంటారు?