కుళాయికి తాళం

“పట్టుకోండి వదినా, దీన్ని! మళ్లీ హ్యాండిల్ నోట కరుచుకుని లాగేసింది!” అని కేకేస్తూ డెల్బర్ట్ బీరు కుళాయి కట్టేశాడు.

లొరెయిన్ తమ కుక్క పెప్పర్ మెడపట్టీ పట్టుకుని వెనక్కి గుంజింది. బేస్‌మెంట్ నేలంతా బీరే. ఆమె భర్త రోమన్ పోయి నెలయింది. ఆయన తన చేత్తో కాచిన బీరులో ఆఖరి పీపా అది. దాన్ని ఈ పెప్పర్ రోజూ సాయంత్రం నేలపాలు చేస్తోంది. అందుకే మరిదిని తాళం తెమ్మంది.

“త్వరగా బిగించవయ్యా! ఆయన చేతిది మిగిలింది అదొక్కటే. ఈ తాగుబోతు కుక్కకేం తెలుసు!”

“ఇది చుక్క కూడా నాకదు వదినా, చూడండి.”

నిజమే. పెప్పర్ కింద పడ్డ బీరుకేసి చూడటమే లేదు. రోమన్ కూర్చునే ఖాళీ కుర్చీ వైపు చూస్తూ తోకాడిస్తోంది.

“మరెందుకు లాగుతుందట?”

డెల్బర్ట్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. “అన్నయ్యే నేర్పాడు. పోయే ముందు ఏడాదిగా ఆయన వేళ్లకి పట్టు లేదు. గ్లాసు రెండు అరచేతుల మధ్య పట్టుకునేవాడు, కుళాయి ఇది లాగేది. మీకు చెప్పొద్దని ఒట్టేయించుకున్నాడు.”

ఆ ఏడాదంతా చర్చికి బయల్దేరే ప్రతిసారీ తను విసిరిన మాట లొరెయిన్‌కి గుర్తొచ్చింది: ‘గ్లాసు నింపుకోడానికి వస్తాయి, నా గొలుసు కొక్కెం పెట్టడానికి మాత్రం నీకు చేతులు రావు!’

ఆమె మెడపట్టీ వదిలేసింది. రోమన్ గ్లాసు తీసి, రెండు అరచేతుల మధ్య పట్టుకుని, కుళాయి కింద పెట్టింది.

“లాగవే తల్లీ,” అంది.