వైరం రిజిస్టరు

మంగళవారం ఉదయం పదకొండు గంటల అయిదు నిమిషాలకు కంటి ఆసుపత్రి క్యాంటీన్‌లో రికార్డుల సూపరింటెండెంటు, కళ్లద్దాల విభాగం మేనేజరు ఒకరితో ఒకరు మాట్లాడుకున్నారు. నలభై సెకన్లు. కెమెరాలో ఉంది.

నాలుగు నిమిషాల్లో కబురు మూడో అంతస్తులో ఉన్న భద్రతాధికారికి చేరింది. ఆయన టీ కప్పు కింద పెట్టేశాడు. మళ్లీ తీయలేదు.

ఆసుపత్రి రోగుల రికార్డులన్నీ క్లౌడ్‌లో ఉంటాయి. అంటే ఎక్కడో ఉన్న అద్దె కంప్యూటర్లలో. నాలుగు లక్షల జతల కళ్ల వివరాలు. వాటిని బయటికి కాపీ తీయాలన్నా, చెరిపేయాలన్నా ఇద్దరు మనుషులు చెరో పాస్‌వర్డ్ కొట్టాలి. ఒక్కడే దొంగైతే పని కాదు. ఇద్దరూ కుమ్మక్కైతే అవుతుంది. నాలుగేళ్ల కిందట వేరే ఆసుపత్రిలో అదే జరిగింది. అక్కడ పాస్‌వర్డ్‌లు ఇద్దరు ప్రాణస్నేహితుల దగ్గర ఉండేవి.

అందుకే ఇక్కడి భద్రతాధికారి స్నేహితుల జోలికి పోలేదు. చచ్చినా కలవని ఇద్దరి కోసం పదిహేను రోజులు వెతికాడు. దొరికారు.

వాళ్ల గొడవ ఒక ఫోటో గురించి. వార్షికోత్సవం గ్రూపు ఫోటో మేనేజరు తీశాడు. అందులో సూపరింటెండెంటు సగమే పడింది. ఫ్రేములో పట్టలేదని ఆయన అన్నాడు. కావాలనే కోశాడని ఆవిడ అంది. అంతే, మాటల్లేవు.

భద్రతాధికారి ఆ వైరాన్ని కాగితం మీద పెట్టాడు. దానికో రిజిస్టరు తెరిచాడు. మూడు నెలలకోసారి ఇద్దరూ వేర్వేరు రోజుల్లో వచ్చి, ‘ఎదుటివారితో మాట్లాడలేదు’ అన్న వాక్యం కింద సంతకం చేయాలి. ఇప్పటికి పదహారు విడతలు. ఒక్కటీ తప్పలేదు.

ఆ మంగళవారమే మూడు గంటలకు తనిఖీ. ఇద్దరికీ మాటలు కలిశాయని తేలితే ఆసుపత్రి భద్రతా ధ్రువపత్రం రద్దవుతుంది. డైరెక్టరు పొద్దున్నే భద్రతాధికారిని పిలిచి ఒక్క ముక్క చెప్పాడు. “వాళ్లిద్దరూ ఒకటైతే నువ్వు ఇంటికే.”

భద్రతాధికారి ముందు క్యాంటీన్ మేనేజరును పిలిపించాడు. ఏం మాట్లాడుకున్నారో తను వినలేదని అతను చెప్పాడు. కానీ ఆవిడ నవ్వినట్టుందన్నాడు.

“నవ్విందా, నవ్వినట్టుందా?”

“పళ్లు కనిపించాయి సార్.”

అది కూడా రాసుకున్నాడు.

తర్వాత సూపరింటెండెంటు వచ్చింది. ఉప్పు సీసా అడిగానంది. ఉప్పు అడగడానికి నలభై సెకన్లా అంటే, మూత బిగుసుకుపోయిందంది.

కళ్లద్దాల మేనేజరు మాత్రం దాచలేదు. “ఆవిడ కూతురికి ఉద్యోగం వచ్చిందట సార్. సంతోషం అన్నాను. తప్పా?”

“తప్పే.”

పాస్‌వర్డ్‌ల మాట ఏమైనా వచ్చిందా అని ఇద్దరినీ విడివిడిగా మూడేసి సార్లు అడిగాడు. ఆ ఊసే రాలేదని ఇద్దరూ చెప్పారు. అప్పుడు గానీ ఆయన కుర్చీలో వెనక్కి వాలలేదు.

పన్నెండున్నరకు ఆ వైరానికి మరమ్మతు మొదలుపెట్టాడు. పాత ఫైళ్లు తీయించి ఆ ఫోటోను నిలువెత్తున ముద్రించాడు. నోటీసు బోర్డుకు అంటించి, కింద ‘మధుర జ్ఞాపకాలు’ అని రాయించాడు.

ఒంటిగంటా ఇరవైకి సూపరింటెండెంటు అటుగా వచ్చి ఆగింది. తన సగం మొహం చూసుకుంది. ఊరందరికీ కళ్లద్దాలు అమ్మే మనిషి ముందుగా తన కళ్లే పరీక్ష చేయించుకోవాలని, వరండాలో అందరికీ వినపడేలా అంది. రెండు నిమిషాల్లో అది కింది అంతస్తులోని కళ్లద్దాల విభాగానికి చేరింది. అందర్నీ తోసుకుని ముందుకొస్తే ఏ కెమెరాలోనూ పట్టరని అక్కణ్నుంచి జవాబొచ్చింది. రెండు వైపులా మాటలు మోసిన వాళ్లలో భద్రతాధికారి కూడా ఉన్నాడు. పెద్దగా కల్పించాల్సిన అవసరం రాలేదు.

మూడింటికి తనిఖీ అధికారిణి వచ్చింది. ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెట్టమంది. కూర్చున్నారు. ఆవిడ కిటికీ వైపు, ఆయన గోడ వైపు.

మీరిద్దరూ కలిసి రికార్డులు దొంగిలించే అవకాశం ఉందా అని అధికారిణి అడిగింది.

“ఈయనతో కలిసి లిఫ్టే ఎక్కనండీ నేను. దొంగతనం కూడానా?” అంది సూపరింటెండెంటు.

“నేను మెట్ల మీదే వెళతానని ఆవిడకి చెప్పండి మేడం,” అన్నాడు మేనేజరు.

“చెప్పక్కర్లేదని చెప్పండి.”

అధికారిణి ఇరవై నిమిషాలు విన్నది. రిజిస్టరు తిరగేసింది. పదహారు విడతల సంతకాలూ చూసింది. పన్నెండేళ్ల సర్వీసులో ఇంత పకడ్బందీ ఏర్పాటు చూడలేదంది. ‘కుమ్మక్కుకు ఆస్కారం శూన్యం’ అని రాసి, వైరం రిజిస్టరు నమూనా మిగతా ఆసుపత్రులకూ పంపమని సిఫార్సు చేసింది.

లేచే ముందు ఒక సందేహం అడిగింది. వీళ్లిద్దరూ ఒకరున్న చోటికి ఒకరు రారు. మరి రికార్డులు తీయాల్సి వచ్చినప్పుడు ఎలా?

“ఇప్పటిదాకా ఏ ఇబ్బందీ రాలేదు మేడం,” అన్నాడు భద్రతాధికారి.

మూడూ యాభైకి ధ్రువపత్రం మరో రెండేళ్లకు పొడిగించారు. డైరెక్టరు ఆయన భుజం తట్టాడు.

నాలుగేళ్లలో ఆ రికార్డులు రెండు పాస్‌వర్డ్‌లతో రెండు వందల పన్నెండు సార్లు తెరుచుకున్నాయి. ఎదుటి మనిషి మొహం చూడాల్సి వస్తుందని, మొదటి నెలలోనే ఎవరికి వారు, రెండోవారికి తెలియకుండా, తమ పాస్‌వర్డ్ రాసిచ్చేసింది భద్రతాధికారికే.